మనీ ప్లాంట్‌కి మనం చేసే అతి మర్యాద

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ బాబులూ, ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైక్ వద్దులెండి, ఈ సెల్లార్‌లో మైక్ పెడితే మాట కన్నా మోతే ఎక్కువ వస్తుంది.

సెక్రటరీ గారు నన్ను మిద్దెతోట గురించి మాట్లాడమన్నారు. నేనే వద్దన్నాను. మన బిల్డింగులో మేడ మీద తోట పెట్టే ఓపిక ఉన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో, కానీ మనీ ప్లాంట్ లేని ఇల్లు వెతకాలి. మొన్న లిఫ్ట్ ఆగిపోయి ఐదో అంతస్తు దాకా మెట్లెక్కాల్సి వచ్చినప్పుడు, ఆయాసం తెలియకుండా ఉంటుందని గుమ్మాల దగ్గర మొక్కలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. ఇరవై గుమ్మాలకి పదిహేడు మనీ ప్లాంట్లు. అందులో కళగా ఉన్నవి నాలుగు. మిగతా పదమూడూ ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. ఎవరి గుమ్మం ఏదో చెప్పను, కంగారు పడకండి.

నేను బోటనీ చదువుకోలేదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి నేను చెప్పేదంతా నేను చంపిన మొక్కల పుణ్యమే అనుకోండి. మనీ ప్లాంట్‌ని ఎవరూ చంపలేరంటారు కదా, నేను చంపాను, ఒకటి కాదు, వరసగా మూడు. ఎలా చంపానంటే, బాగా చూసుకుని.

ముందు ఈ మొక్క ఎక్కడిదో చెప్తాను, ఎందుకంటే అది తెలిశాకే నాకు సగం సంగతులు అర్థమయ్యాయి. దీని సొంతూరు పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కన ఉన్న మోరియా అనే చిన్న దీవి. మ్యాపులో చూడండి, ఆ దీవి భూమధ్యరేఖకి దక్షిణంగా పదిహేడున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. మన విశాఖ ఉత్తరంగా దాదాపు అంతే దూరంలో ఉంది. అంటే అటు ఆ దీవి ఎంత దూరమో ఇటు మనం అంత దూరం. అక్కడా సముద్రమే, కొండలే, ఉక్కే. మే నెలలో మనం విసనకర్ర పట్టుకుని ఉసూరుమంటామే, ఆ ఉక్కలో ఈ మొక్కకి పుట్టింటికి వచ్చినట్టుంటుంది. అందుకే విశాఖలో దీనికి స్పెషల్‌గా తేమ కల్పించక్కర్లేదు. ఆకుల మీద పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లే స్ప్రే బాటిళ్లు కొన్నవాళ్లు వాటిని ఇస్త్రీకి వాడుకోవచ్చు. లంబసింగిలో చుట్టాలుంటే వాళ్ల సంగతి వేరు, అక్కడి చలికి ఇది నల్లబడిపోతుంది. పది డిగ్రీల కన్నా తగ్గితే దీనికి పడదు.

పేరు గురించి ఒక్క ముక్క. 1880లో దీనికి మొదటిసారి శాస్త్రీయంగా పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టారు. తర్వాత ఆ ప్రజాతిలోంచి ఈ ప్రజాతిలోకి మార్చి మార్చి, 1964కి ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అని తేల్చారు. అంత అవస్థ ఎందుకంటే ఇది పువ్వు పూయదు. పువ్వు చూడకుండా మొక్క కులగోత్రాలు తేల్చడం కష్టం. పెంపకంలో ఉన్నది తనంతట తాను పూసినట్టు చివరిసారి నమోదైంది కూడా ఆ 1964లోనే. పూత పూయించే జిబ్బరెల్లిన్ అనే హార్మోను దీని ఒంట్లో తగినంత తయారు కాదని 2016లో పరిశోధకులు తేల్చారు. కాబట్టి మీ మొక్క పూయలేదని ఎరువు దట్టించకండి, దాని తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

ఇది మన చేమ, కంద కుటుంబమే. చేమదుంపలు తరిగితే చేతులు దురద పెడతాయి కదా, దీని రసంలోనూ అవే సూదుల్లాంటి క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. చేమకైతే చింతపండు వేసి ఉడికిస్తాం, దీన్ని ఎవరూ ఉడికించరు కాబట్టి పాకే పిల్లలకీ, పిల్లికీ కుక్కకీ అందకుండా పెట్టుకోండి. నమిలితే నోరంతా మండుతుంది, పెదాలు వాస్తాయి, చొంగ కారుతుంది. పిల్లవాడు నమిలాడంటే నోరు కడిగి డాక్టరుకి ఫోన్ చేయండి.

ఇక అసలు విషయానికి వస్తాను. హుద్‌హుద్ తుపాను గుర్తుందా? ఇక్కడ గుర్తులేనివాళ్లు ఎవరూ ఉండరనుకుంటా, ఆ పిల్లలు తప్ప. 2014 అక్టోబరు 12, ఆదివారం. మాకు హాలు కిటికీ అద్దాలు రెండూ పోయాయి. బాల్కనీలో నేను పదేళ్లుగా పెంచిన కుండీలన్నీ ఎగిరి కింద పార్కింగ్‌లో కారు మీద పడ్డాయి, ఆ కారు మాది కాకపోవడం వేరే కథ. లోపల బుక్ షెల్ఫ్ పక్కన ఒక మనీ ప్లాంట్ ఉండేది. అప్పటికే దాని పరిస్థితి బాగోలేదు, రోజుకో ఆకు పసుపు రంగుకి తిరిగి రాలిపోతోంది, నేను రోజూ ఇంకో చెంబుడు నీళ్లు ఎక్కువ పోస్తున్నాను. పొద్దున్నే దేవుడికి దీపం, ఆ వెంటనే దీనికి చెంబుడు నీళ్లు, అదొక నియమం నాకు.

తుపాను తర్వాత కరెంటు లేదు, మోటారు లేదు, పై ట్యాంకులో నీళ్లు లేవు. కింద ట్యాంకర్ వస్తే బిందెలు పట్టుకుని లైన్లో నిలబడ్డాం, తాగడానికీ వండుకోవడానికీ చాలక స్నానాలే వాయిదా వేసుకున్నాం, మొక్కకి ఎవడు పోస్తాడు? దాని గురించి మర్చిపోయాను. పన్నెండు రోజులో ఎంతో అయ్యాక ఇల్లు ఊడుస్తూ అటు చూస్తే, తీగ చివర చుట్టచుట్టుకుని లేత చిగురు! పసుపు ఆకులు కొత్తగా ఒక్కటి కూడా లేవు. నేను అక్కడే చీపురు పట్టుకుని కూలబడ్డాను. ఇన్నాళ్లూ దాన్ని బాధపెట్టింది ఎండా కాదు, గాలీ కాదు, నేనే.

జరిగింది ఏమిటంటే, వేళ్లకి ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది, వేళ్లు ఆ గాలి పీలుస్తాయి. రోజూ నీళ్లు పోస్తే ఆ సందులన్నీ నీళ్లతో నిండిపోతాయి, వేళ్లకి ఊపిరాడదు, ఊపిరాడని వేరుని బూజు జాతి సూక్ష్మజీవులు పట్టుకుని కుళ్లబెడతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు. నీళ్లు అందక ఆకు వాడిపోతుంది. వాడిన ఆకు చూసి మనం అయ్యో పాపం దాహం అనుకుని మళ్లీ పోస్తాం. ఇంటికి వచ్చిన చుట్టానికి పొట్ట పగిలేలా పెట్టి, ఆయన వద్దు మొర్రో అంటున్నా ఇంకో గారె వేసే రకం మర్యాద ఇది.

కాబట్టి వాడిపోయిందంటే ముందు మట్టి చూడండి, ఆకు కాదు. ఆకు వాడి, మట్టి పొడిగా ఉంటే దాహం, పోయండి, సాయంత్రానికి లేచి కూర్చుంటుంది. ఆకు వాడి, మట్టి తడిగా ఉంటే వేరు కుళ్లు, ఒక్క చుక్క కూడా పోయకండి. ఒక్కటే పాత ఆకు, అదీ అడుగున ఉన్నది, పసుపెక్కి రాలితే అది వయసు, దాన్ని పట్టించుకోకండి. మట్టి తడిగా ఉండి ఒకేసారి నాలుగైదు ఆకులు పసుపెక్కితే మీ చేతి చలవే.

ఎన్ని రోజులకోసారి పోయాలండీ అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. అదిగో, ఆంటీ చెయ్యెత్తుతున్నారు, అదే ప్రశ్న కదా? నేను రోజులు చెప్పను. మే నెలలో మీ ఇంట్లో వారానికి రెండుసార్లు తాగే మొక్క, ఆగస్టు ముసురులో పదిహేను రోజులకోసారి కూడా అడగదు. ఏసీ గదిలో ఉన్నదాని లెక్క వేరు, మట్టికుండీలో ఉన్నదానికీ ప్లాస్టిక్ కుండీలో ఉన్నదానికీ లెక్క వేరు. వేలు గుచ్చండి. మొక్కకీ కణుపులే, మన వేలికీ కణుపులే, చూపుడు వేలి రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. అంతవరకూ పొడిగా ఉంటేనే నీళ్లు. గోళ్లు పాడవుతాయనుకుంటే కుండీ ఎత్తి చూడండి, తడి కుండీ బరువు, పొడి కుండీ తేలిక, నెల రోజుల్లో చేతికే అలవాటవుతుంది. పోసినప్పుడు మాత్రం చిలకరించడం కాదు, అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి, పది నిమిషాలాగి కింద ప్లేటులో నిలిచిన నీళ్లు పారబోయండి. చిల్లు లేని పింగాణీ కుండీ ఎంత అందంగా ఉన్నా అందులో నేరుగా నాటకండి. చిల్లున్న మామూలు కుండీలో పెట్టి, ఆ కుండీని అందులో కూర్చోబెట్టండి.

నీళ్ల రకం అంటారా, కుళాయి నీళ్లు చాలు. సముద్రం దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఆకు కొసలు గోధుమరంగులో మాడినట్టు అవుతాయి, మట్టి పైన తెల్లగా పేరుకుంటుంది. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు ఇంకా ఘోరం, ఉప్పంతా అందులోనే ఉంటుంది, పొదుపని అవి పోయకండి. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టుకుని పోయండి, అందులో ఉప్పుండదు.

వెలుతురు. ఇక్కడ నర్సరీ వాళ్లు చెప్పే మాటతోనే చిక్కు వస్తుంది. ‘నీడలో పెరుగుతుందమ్మా’ అంటారు. పెరగదు, బతుకుతుంది, అంతే. పెరగడానికీ బతకడానికీ చాలా తేడా ఉంది, ఆ సంగతి నాకు ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాక బాగా తెలుసు. వెలుతురు తక్కువైతే కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగిపోయి తీగ బక్కగా సాగుతుంది, ఆకులు చిన్నవవుతాయి, ఆకు మీద ఉండే ఆ బంగారు, తెలుపు మచ్చలు మాయమై ఉత్త ఆకుపచ్చ మిగులుతుంది. పచ్చటి భాగంలోనే ఆహారం తయారయ్యేది, వెలుతురు చాలనప్పుడు తెల్లమచ్చ పెట్టుకుని షోకు చేస్తే దానికి గడవదు మరి. ఇంకో మాట, చీకట్లో ఉన్న మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది, కాబట్టి మనం పైన చెప్పుకున్న కుళ్లు రోగం ఎక్కువగా చీకటి మూలల్లోనే వస్తుంది.

మీరు పగటిపూట మొక్క దగ్గర కూర్చుని లైటు వేయకుండా పేపర్ చదవగలిగితే ఆ చోటు పర్లేదు. తూర్పు కిటికీకి రెండు మూడడుగుల లోపల పెట్టడం మంచిది. పడమటి బాల్కనీలో మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే ఆకు కాలిపోతుంది, పల్చటి కర్టెన్ అడ్డు పెట్టండి. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో సముద్రం గాలి నేరుగా కొట్టే కిటికీ అయితే కొంచెం పక్కకి జరపండి, ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. మన ఊళ్లో ఆకుల మీద నల్లటి దుమ్ము పేరుకోవడం మీకందరికీ తెలిసిందే. పదిహేను రోజులకోసారి తడిబట్టతో ఆకు కింద చెయ్యి పెట్టి మెల్లగా తుడవండి. మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, దయచేసి మానేయండి, ఆ జిడ్డుకి దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

మట్టి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొడి, ఒక వంతు, వర్మీకంపోస్ట్ అర వంతు, గరుకు ఇసుక రెండు గుప్పెళ్లు. ఇసుక అంటే బీచ్ ఇసుక కాదండోయ్, అది ఉప్పు. ఎర్రమట్టి అంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలూ కాదు. ఒకాయన నిజంగానే స్కూటర్ మీద గోనెసంచి వేసుకుని బయల్దేరబోతుంటే నేనే ఆపాను. అది జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన భూవారసత్వ స్థలం మాస్టారూ, మీ కుండీ కోసం కాదు అన్నాను. నర్సరీలో సంచి కొనుక్కోండి. మనకి వచ్చే మొక్కల్లో కడియం వైపు నుంచి లారీల్లో దిగేవి బోలెడు, వాటి వేళ్ల చుట్టూ చాలాసార్లు బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో చెదరకుండా అది మంచిదే, ఇంటికి వచ్చాక మాత్రం ఆ ముద్దని నీళ్లలో నానబెట్టి మెల్లగా వదిలించి కొత్త మట్టిలో పెట్టండి. కొన్న రోజే కాదు, ఒక వారం ఇంట్లో స్థిమితపడనిచ్చి. ఎరువు రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. పాల ప్యాకెట్లు కడిగిన నీళ్లు ఇంటి లోపలి కుండీల్లో పోయకండి, కంపు కొడుతుంది, చిన్న నల్లటి ఈగలు ముసురుతాయి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. సీతమ్మధారలో ఒక పాత ఇంటి ఆవరణలో మామిడిచెట్టుకి ఒక తీగ పాకి ఉండేది, ఆకు ఒక్కొక్కటీ మన అరటాకు ముక్కంత, అంచులు చీలికలు చీలికలుగా. ఇదేం మొక్కండీ అని అడిగితే ఆ ఇంటి పెద్దావిడ నవ్వి, ‘మీ ఇంట్లో సీసాలో ఉన్నదే అమ్మా’ అన్నారు. నమ్మలేదు. నిజమే. మనం చూసేది పసి రూపం. దాని సొంతూళ్లో చెట్టెక్కి పైకి వెళ్లే కొద్దీ ఆకులు పెద్దవవుతూ మూడడుగుల దాకా పెరుగుతాయి. కిందికి వేలాడదీస్తే కొత్త ఆకు పాత ఆకు కన్నా చిన్నదవుతుంది, పైకి ఎక్కిస్తే పెద్దదవుతుంది. మీకు పెద్ద ఆకులు కావాలంటే కొబ్బరిపీచు చుట్టిన కర్ర కుండీలో పాతి, కణుపుల దగ్గర ఉండే గాలివేళ్లు ఆ పీచుకి తగిలేలా దారంతో వదులుగా కట్టి, పీచు తడిగా ఉంచండి. మా ఇంట్లో అలా కట్టిన దాని ఆకు ఏడాదికి అరచేతి సైజు నుంచి టిఫిన్ ప్లేటంత అయింది. కానీ ఒక హెచ్చరిక. దీన్ని తీసుకెళ్లి కొండ పక్కనో పార్కులోనో చెట్టు మొదట్లో నాటకండి. శ్రీలంకలోనూ అమెరికాలో ఫ్లోరిడాలోనూ ఇది అడవుల్లో పడి నేలంతా కమ్మేసి, చెట్లెక్కి స్థానిక మొక్కల్ని అణిచేసింది. హుద్‌హుద్‌కి పోయిన చెట్ల బదులు కష్టపడి పెంచుకున్నవి మనకి ఇప్పుడిప్పుడే నీడ ఇస్తున్నాయి, వాటి మెడకి దీన్ని చుట్టొద్దు.

సీసాలో పెంచేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అమ్మో. సరే, మీతోనే నాకు గొడవ. నీళ్లు మార్చి ఎన్నాళ్లయింది? చూశారా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకి కాలవలూ డ్రైనేజీలూ అక్కర్లేదు, మీ హాల్లో మనీ ప్లాంట్ సీసాలాంటి శుభ్రమైన నిలవ నీళ్లంటేనే ఇష్టం. గుడ్డు నుంచి దోమ అయి ఎగరడానికి మన వేడికి వారం పది రోజులు చాలు. గుడ్లు నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన సీసా గోడకి అంటిస్తుంది, అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకని నీళ్లు పారబోస్తే చాలదు, సీసా లోపల బ్రష్‌తో రుద్దాలి. ఫ్రైడే డ్రైడే అని మునిసిపాలిటీ వాళ్లు చెవిలో జోరీగలా చెప్తారే, ఆ శుక్రవారమే దీనికీ పెట్టుకోండి. కుండీ కింద ప్లేటుకీ అంతే. ఇంకోటి, సీసాలో ఏళ్ల తరబడి ఉంచితే అది బతుకుతుంది గానీ పెరగదు, ఉత్త నీళ్లలో తినడానికి ఏముంటుంది.

కొమ్మ ఎలా తీయాలో చూపిస్తాను, ఇది చూడండి. ఆకు కాడ తీగని కలిసే చోట ఉబ్బెత్తుగా ఉంది కదా, ఇదే కణుపు, దీని పక్కన గోధుమరంగు బొడిపె గాలివేరు. కణుపుకి వేలెడు కింద కత్తిరించాలి. ఒక్క ఆకు తుంచుకెళ్లి నీళ్లలో పెడితే నెలలు పచ్చగానే ఉంటుంది, వేరు కూడా వేయొచ్చు, కానీ కణుపు లేనిదే చిగురు రాదు, దాని కోసం ఏళ్లు ఎదురుచూసిన మనిషిని నేనెరుగుదును. కణుపు నీళ్లలో మునగాలి, ఆకు మునగకూడదు. రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. రెండంగుళాలు పెరగగానే మట్టిలోకి మార్చేయండి, ఇంకా ఆలస్యం చేస్తే నీళ్లకి అలవాటుపడి మట్టిలో మొండికేస్తుంది. కుళ్లిన మొక్కని దక్కించుకునే దారి కూడా ఇదే, పైన గట్టిగా ఉన్న తీగని కణుపులతో కోసుకుని మళ్లీ మొదటికి రండి.

పురుగు అంటే దీనికి వచ్చేది ముఖ్యంగా పిండినల్లి, ఆకు కాడ మొదట్లో తెల్లగా దూదిలా కనిపిస్తుంది. ఒకటీ రెండూ ఉంటే తడిబట్టతో తుడిచేయండి. ఎక్కువైతే లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా వేపనూనె, నూనె నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా పడేలా కొట్టండి, వారానికోసారి మూడు వారాలు.

ఆ, బాబూ, అడగండి. గాలిని శుభ్రం చేస్తుందా అంటారా? 1989లో నాసా చేసిన పరీక్ష పేరు చెప్పి అందరూ అమ్ముతారు. ఆ పరీక్ష గాలి చొరబడని చిన్న పెట్టెలో చేసింది, మన ఇల్లు పెట్టె కాదు కదా. 2019లో ఇద్దరు పరిశోధకులు అలాంటి పాత పరీక్షలన్నీ తిరగేసి లెక్క వేశారు, కిటికీల్లోంచి మామూలుగా వచ్చే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలట. పది బై పది గదికి తక్కువలో తక్కువ తొంభై. మీరెక్కడ పడుకుంటారు? కిటికీ తీయండి, అదే పని జరుగుతుంది. పచ్చగా ఉంటే కళ్లకి హాయి, మొక్క పెంచడానికి నాకా కారణం చాలు.

వాస్తు గురించి అడక్కుండా వదలరని తెలుసు. ఆగ్నేయంలో పెట్టమంటారు. ఆగ్నేయంలో తూర్పు వెలుతురు వచ్చే కిటికీ ఉంటే పెట్టుకోండి, భేషుగ్గా పెరుగుతుంది. కిటికీ లేకపోతే డబ్బు సంగతి దేవుడెరుగు, మొక్క మాత్రం దక్కదు. దొంగిలించి తెచ్చిన మనీ ప్లాంటే కలిసొస్తుందని కూడా అంటారు కదా. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, మా గేటు దగ్గర తీగ నెలకి అడుగు చొప్పున పొట్టిదవుతోంది, వాచ్‌మన్‌ని అడిగితే ‘ఏటోనమ్మా, గాలికి ఇరిగిపోతంది’ అంటాడు. కత్తెరతో కోసినట్టు విరిచే గాలి మన విశాఖలోనే ఉంది.

అందుకని ఇవాళ నేనే ముప్పై ముక్కలు కోసి తెచ్చాను, అన్నిటికీ కణుపులున్నాయి, ఆ మెట్ల పక్కన నీలం బకెట్లో ఉన్నాయి. అడిగి తీసుకునేవాళ్లు అడిగి తీసుకోండి. దొంగిలించాలనుకునేవాళ్ల కోసం టీ తాగుతూ ఒక ఐదు నిమిషాలు నేను అటు తిరిగి కూర్చుంటాను. బకెట్ మాత్రం నాది, దాన్ని వదిలేయండి.